నలభై రెండో రోజు

అయ్యప్ప మాల నేను మూడు సార్లు వేసుకున్నాను. మూడు సార్లూ నలభై ఒక్క రోజులపాటు చుక్క ముట్టలేదు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్ల బట్టలు, నేల మీద పడక, సాయంత్రం పీఠం దగ్గర భజన, ఎవరు ఎదురుపడినా "స్వామి శరణం" అనే పలకరింపు. ఆ రోజుల్లో నేను వేరే మనిషిని. శబరిమల వెళ్లి వచ్చి, గురుస్వామి చేతుల మీదుగా మాల తీయించుకున్న సాయంత్రమే మళ్లీ వైన్ షాపు ముందు నిలబడ్డాను. మూడు సార్లూ అదే జరిగింది. మొదటి రెండు సార్లు దాన్ని నేను తప్పుగా కూడా అనుకోలేదు. నలభై ఒక్క రోజులు మానగలిగినవాడు తాగుబోతు ఎలా అవుతాడని ఇంట్లో వాదించేవాణ్ని. మా ఆవిడ మాత్రం ప్రతిసారీ ఒకే మాట అనేది: "నలభై రెండో రోజు సంగతి చెప్పండి."

2022 దసరా మర్నాటి నుంచి నేను తాగలేదు. నన్ను ఇంతదాకా నడిపించింది ఒక చిన్న గది, అందులో వారానికి రెండు సార్లు వేసే పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు. ఆ గది మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోనే ఉన్నా, దాన్ని కనుక్కోవడానికి నాకు నెలలు పట్టింది. ఇప్పుడు అదే వెతుకులాటలో ఉన్నవారికి, లేదా ఇంట్లో ఒకరి కోసం రహస్యంగా వెతుకుతున్న భార్యకో తల్లికో పనికివస్తుందని ఆ సంగతులు రాస్తున్నాను. మా బృందం పాటించే పద్ధతిని అనుసరించి నా పేరు గానీ, అక్కడికి వచ్చే మరెవరి వివరాలు గానీ ఇక్కడ రాయను. ఆ గదిలో విన్న కథలు ఆ గదివే. నా కథ మాత్రమే చెబుతాను.

మాది ఖమ్మం దగ్గర పల్లె. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను. నెలాఖరున పని ముగిశాక నలుగురం కలిసి వేసుకునే సిట్టింగ్ మెల్లగా వారానికోసారి అయింది, తర్వాత రోజూ అయింది, ఆ తర్వాత నలుగురితో పని లేకుండా పోయింది. అందరూ చెప్పే కథే కాబట్టి దాన్ని పొడిగించను. నాకు విషయం అర్థమైన రోజు మాత్రం చెప్పాలి. బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి ఫారం నింపి ఇస్తే, సంతకం కలవడం లేదని కౌంటర్‌లో ఉన్న అమ్మాయి వెనక్కి ఇచ్చింది. రెండోసారి చేశాను, కలవలేదు. మూడోసారి చేస్తుంటే పెన్ను కాగితం మీద ఆగలేదు, నా పేరులోని సున్నా గీత దాటి పక్కకు జారింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు చూస్తున్నారు. బయటకు వచ్చి, షాపు తెరిచేదాకా ఆగి, ఒక నైంటీ వేసుకుని తిరిగి వెళ్లి చేస్తే సంతకం కలిసింది. నా పేరు నేను రాయడానికి కూడా మందు కావాల్సి వచ్చిందన్న సంగతి ఆ రోజంతా నా వెంటే ఉంది.

అంతకుముందు సంక్రాంతికే మూడో మాల తీశాను. సిగ్గుతో, కోపంతో ఒక శుక్రవారం ఎవరికీ చెప్పకుండా పూర్తిగా మానేశాను. అలా చేయడం ప్రమాదమని నాకు తెలియదు. మూడో రోజు రాత్రి పడకగది గోడ మీద చీమల బారు కనిపిస్తే చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టాను. గోడ మీద ఏమీ లేదని మా ఆవిడ చెబుతున్నకొద్దీ చీమలు ఎక్కువయ్యాయి. ఆమె పక్కింటివారిని లేపి, ఆటోలో నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈ ఒక్క విషయం మాత్రం చదివేవారు దయచేసి గుర్తుపెట్టుకోండి. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చలించి లేనివి కనిపించే స్థితి రావచ్చు. వైద్యులు దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, చికిత్స అందకపోతే ప్రాణం పోయే అవకాశం ఉంది. అందుకే మానేయాలన్న నిర్ణయం ఇంట్లో తీసుకున్నా, మానే పని మాత్రం డాక్టరు చూస్తుండగా జరగాలి. నాకు విటమిన్ బి1 ఇంజెక్షన్లు ఇచ్చి, క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు మొదలుపెట్టి, రోజురోజుకీ మోతాదు తగ్గిస్తూ తొమ్మిది రోజులు ఉంచుకున్నారు.

పంపించేటప్పుడు డాక్టరు గారు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మీ ఒంట్లోంచి మందు తీసేశాం. మీలోంచి తీయడం మా చేతుల్లో లేదు. వారం వారం వెళ్లి కూర్చునే చోటు ఒకటి చూసుకోండి." అక్కడి సోషల్ వర్కర్ మందుల చీటీ వెనక "ఏఏ మీటింగ్" అని రాసి ఇచ్చారు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవారు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుగా నిలిచే బృందం. ఆ పేరు నేను సినిమాల్లో విన్నదే. అది మన ఊళ్లో ఉంటుందని గానీ, మనలాంటివాళ్లు వెళతారని గానీ ఎప్పుడూ అనుకోలేదు.

ఇంటికి వచ్చి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. ముందుగా వచ్చినవన్నీ డబ్బు కట్టించుకునే డీ-అడిక్షన్ సెంటర్ల ప్రకటనలు. ఒక చోట నంబరు నమోదు చేసిన కొద్ది నిమిషాల్లోనే ఫోన్ వచ్చింది. మనిషి ఒప్పుకోకపోయినా పర్వాలేదు, బండి పంపి ఇంటి దగ్గరి నుంచే తీసుకెళతామన్నారు. నేను వేరెవరి కోసమో అడుగుతున్నానని అనుకున్నట్టున్నారు. మంచి కేంద్రాలు లేవని నేను అనను, చక్కగా నడిచేవి ఉన్నాయి. కానీ మనిషిని కట్టి తీసుకెళ్లే చోటు చికిత్స చేసే చోటు కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే గుర్తించింది. అంటే తాగేవాడికీ రోగిగా హక్కులున్నాయి, ఆ చట్టం కింద నమోదైన కేంద్రమా కాదా అని అడిగే హక్కు ఇంట్లోవారికీ ఉంది.

తర్వాత వచ్చినవి పొడుల ప్రకటనలు. "అతనికి తెలియకుండా కూరలో కలపండి" అని. మా అక్క అప్పటికే అలాంటి పొట్లం ఒకటి తెప్పించి పెట్టిందని ఆ తర్వాత తెలిసింది. ఆమె ప్రేమను నేను తప్పుపట్టను. కానీ అందులో ఏముందో ఎవరికీ తెలియదు. మందు మాన్పించడానికి నిజంగా వాడే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పెరిగి, రక్తపోటు పడిపోతుంది. తెలిసి వేసుకున్నవాడికి అది కాపలా. తెలియకుండా పెడితే ప్రాణం మీదకి తెచ్చే పని. డాక్టరు రాయకుండా, మనిషికి చెప్పకుండా ఏదీ కలపవద్దని ప్రతి అక్కకూ, ప్రతి అమ్మకూ చేతులు జోడించి చెబుతున్నాను.

చివరికి ఒక జాబితాలో మా వైపు జరిగే మీటింగ్ చిరునామా దొరికింది. నంబరుకు చేస్తే ఎత్తలేదు. నేరుగా వెళ్లాను. ఒక పాత పాఠశాల, గేటుకు గొలుసు వేసి ఉంది. లోపల కుర్చీ వేసుకుని కూర్చున్న వాచ్‌మన్‌ను "ఇక్కడ మీటింగ్ జరుగుతుందటగా" అని అడిగాను. ఏ మీటింగ్ అని అడిగితే ఏం చెప్పాలో దారి పొడవునా ఆలోచించుకున్నాను గానీ ఆయన అడగలేదు. "వాళ్లు ఇక్కడ పెట్టడం మానేసి ఏడాది దాటింది సార్. ఎక్కడికి మారారో తెలియదు" అన్నారు. ఆ గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు. తిరిగి వచ్చే దారిలో తాగాను. ఆసుపత్రి నుంచి వచ్చిన పందొమ్మిదో రోజది. చిరునామా తప్పయినందుకు తాగానని నేను చెప్పను, తాగింది నేనే. కానీ ధైర్యం కూడగట్టుకుని మొదటిసారి వచ్చిన మనిషికి మూసి ఉన్న గేటు ఎంత బరువో నాకు తెలుసు.

ఈసారి మా ఆవిడే ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆ సోషల్ వర్కర్ తమకు తెలిసిన ఒక సభ్యుడిని అడిగి, ఆయన ఒప్పుకున్నాక నంబరు ఇచ్చారు. రాత్రి తొమ్మిదింటికి చేశాను. అవతలి గొంతు పెద్ద వయసుది. నేను రెండు ముక్కలు మాట్లాడి ఆగిపోతే, "ఈ రోజు తాగావా తమ్ముడూ?" అని అడిగారు. తాగానన్నాను. "సరే, పర్వాలేదు. రేపు సాయంత్రం ఆరున్నరకు బస్టాపులో నిలబడతాను. నువ్వు ఏ రంగు చొక్కా వేసుకుంటావో చెప్పు" అన్నారు. ముక్కూ మొహం తెలియని నాకోసం ఆ మనిషి వచ్చి, చెప్పిన సమయానికి పది నిమిషాల ముందే నిలబడి ఉన్నారు. చిరునామా చెప్పి రమ్మంటే నేను వెళ్లేవాణ్ని కానేమో.

ఇదంతా ఈ సంస్థ పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతేనని తర్వాత తెలుసుకున్నాను. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణానికి వెళ్లి, వ్యవహారం చెడి, హోటల్లో ఒంటరిగా మిగిలిపోయాడు. తాగుడు మాని కొద్ది నెలలే అయింది. ఒక పక్క బార్ సందడి, మరో పక్క టెలిఫోన్. ఆయన చర్చిల జాబితా చూసి ఫోన్లు చేస్తూ పోయాడు. తనతో మాట్లాడటానికి ఇంకో తాగుబోతు కావాలని అడిగాడు. అలా ఆ ఊరి సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్ దగ్గరకు చేరాడు. పావుగంట మాట్లాడి పంపేద్దామనుకున్న డాక్టర్ బాబ్ కొన్ని గంటలపాటు కూర్చుండిపోయాడు. ఆయన చివరిసారి తాగిన 1935 జూన్ 10ని ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెడుతుంది. తెలియని ఊళ్లో, తన బాధే పడుతున్న ఇంకో మనిషి కోసం వెతుక్కోవడంతోనే ఇదంతా మొదలైంది. నా చొక్కా రంగు అడిగిన పెద్దాయన కూడా ఆ వరుసలోని మనిషే.

ఆ రోజు ఆయన తీసుకెళ్లింది సికింద్రాబాద్ వైపు ఒక ఇంగ్లీషు మీటింగ్‌కు. ఆ సాయంత్రానికి దగ్గరలో ఉన్నది అదే. అందరూ ఆదరంగా చూశారు. నా వంతు వచ్చినప్పుడు లేచి, నా పేరు చెప్పి, "ఐ యామ్ యాన్ ఆల్కహాలిక్" అన్నాను. ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేసింది. దరఖాస్తులో ఖాళీ నింపినంత సులువుగా వచ్చింది. మూడు వారాలు అలాగే వెళ్లాను. ప్రతిసారీ తప్పులు లేకుండా రెండు నిమిషాలు మాట్లాడి కూర్చునేవాణ్ని, ఇంటికి వచ్చాక లోపల ఏదీ కదిలినట్టు ఉండేది కాదు. పెద్దాయన అది కనిపెట్టారు. "నువ్వు ఇంట్లో ఏ భాషలో కొట్లాడతావు?" అని అడిగారు. తెలుగులో అన్నాను. "మరి ఒప్పుకోవడం కూడా అందులోనే జరగాలి కదా" అన్నారు.

ఆ గురువారం తెలుగులో జరిగే మీటింగ్‌కు వెళ్లాం. అదే మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న గది. ఒక చర్చి ఆవరణలో వెనక వైపు మెట్లెక్కితే వస్తుంది. తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లు గోడకు గుడ్డ మీద తెలుగులో రాసి ఉన్నాయి, మూల బల్ల మీద ఫ్లాస్కు, స్టీలు గ్లాసులు, విరాళాల కోసం పైన చీలిక ఉన్న చిన్న చెక్క డబ్బా. నా వంతు వచ్చింది. లేచి పేరు చెప్పాను. "నేను" అన్నాను. తర్వాతి మాట రాలేదు. తెలుగులో ఆ మాట తాగుబోతు. మా మామగారు గుమ్మంలో నిలబడి నా పిల్లల ముందు నన్ను అన్న మాట. అపార్ట్‌మెంట్ మెట్ల మీద నా వెనక వినిపించిన మాట. పత్రికల్లో మద్యపాన వ్యసనపరుడు అని రాస్తారు, ఆ మాటతో నన్నెవరూ ఎప్పుడూ పిలవలేదు. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ మాట అందించలేదు. ఎంతసేపటికో "నేను తాగుబోతుని" అన్నాను. ఇతరులు నా మీద విసిరిన మాటను నా అంతట నేను ఎత్తి పట్టుకున్నది అప్పుడే. కూర్చున్నాక చాలాసేపు ఏడ్చాను. పక్కనున్న వ్యక్తి గ్లాసులో టీ పోసి నా కుర్చీ పక్కన నేల మీద పెట్టి, తిరిగి వెళ్లి తన చోట కూర్చున్నారు.

కాబట్టి నేను గట్టిగా చెప్పగలిగినది ఇది. మీకు బాగా వచ్చిన భాషలో జరిగే మీటింగ్ కంటే, మీరు ఇంట్లో తిట్టుకునే, బుజ్జగించుకునే భాషలో జరిగే మీటింగ్ వెతుక్కోండి. ఉర్దూ ఇంటివారికి ఉర్దూ, తమిళం ఇంటివారికి తమిళం. అది మొదటి వారం దొరక్కపోతే దొరికిన దానికే వెళుతూ వెతకండి.

ఆ గదిలో ఇంకో విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. అక్కడ ఎవరూ ఇంటిపేరు చెప్పరు. ఇతర దేశాల్లో అది గోప్యత కోసం పెట్టుకున్న నియమం కావచ్చు, మన దగ్గర దాని బరువు వేరు. మనవాళ్లలో ఇద్దరు కొత్తగా కలిస్తే ఇంటిపేరు ఏమిటి, ఏ ఊరు, ఎవరి తాలూకు అనే మూడు ప్రశ్నల్లో కులం, ఆస్తి, పరపతి అన్నీ తేలిపోతాయి. అక్కడ ఆ మూడూ అడగరు. పెద్దాయన్ని అన్నా అంటాం, నన్ను తమ్ముడు అంటారు, అంతే. ఏఏ బృందాలు పాటించే నియమాలను సంప్రదాయాలు అంటారు. మూడో సంప్రదాయం ప్రకారం తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు, సభ్యుడే. ప్రవేశ రుసుము లేదు, ఫారం లేదు. ఏడో సంప్రదాయం ప్రకారం బయటివారి దగ్గర విరాళాలు తీసుకోరు, టీ ఖర్చు, గది అద్దె ఆ చెక్క డబ్బాలో పడే పది ఇరవై రూపాయలతోనే గడవాలి.

అదే సమయంలో నాకు మాల గుర్తొచ్చింది. దీక్షలో నన్ను నిలబెట్టింది నా పట్టుదల అని ఏళ్ల తరబడి అనుకున్నాను. నిజానికి నిలబెట్టింది పీఠం దగ్గరి మనుషులు. రోజూ ఒకే వేళకు కలవడం, కులం ఊసు లేకుండా అందరినీ స్వామి అని పిలవడం, కలిసి కూర్చుని భిక్ష చేయడం, తడబడినప్పుడు అడగడానికి గురుస్వామి ఉండటం. మాల తీయగానే నాలోని భక్తి ఎక్కడికీ పోలేదు, పోయింది ఆ మనుషుల సావాసం. నలభై రెండో రోజు సాయంత్రం ఆరు గంటలకు వెళ్లడానికి నాకు చోటు లేదు, వైన్ షాపు తప్ప. ఏఏలో గురుస్వామి స్థానంలో స్పాన్సర్ అని ఒకరుంటారు. ఎక్కువ కాలంగా మానేసి ఉన్న సభ్యుడు, ఎప్పుడు తాగాలనిపించినా ఫోన్ చేయదగిన మనిషి. నాకు ఆ బస్టాపు పెద్దాయనే స్పాన్సర్ అయ్యారు. ఇక్కడ దీక్షకు ఆఖరి రోజు లేదు, ఒక్కొక్క రోజునే లెక్కపెడతారు. రేపటి సంగతి అడగరు. ఇవాళ పడుకునేదాకా తాగకుండా ఉండగలవా అని అడుగుతారు.

మా అమ్మకు మాత్రం వేరే భయం పట్టుకుంది. చర్చి గదిలో జరుగుతుందని వినగానే మతం మారుస్తారేమోనని కంగారుపడింది. ఇది చాలా ఇళ్లలో వచ్చే అనుమానం కాబట్టి రాస్తున్నాను. చర్చిలు, పాఠశాలలు తక్కువ అద్దెకో ఉచితంగానో గది ఇస్తాయి గనుక అక్కడ జరుగుతాయి. ఏఏకు ఏ మతంతోనూ సంబంధం లేదు. పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, నిజమే, కానీ ఎవరి అవగాహనకు తగిన దేవుడు వారికి. మా గదిలో అయ్యప్పను తలచుకునేవారూ, ఏసును తలచుకునేవారూ, అల్లాను తలచుకునేవారూ ఉన్నారు. దేవుడి మీద నమ్మకం లేని ఒకరు ఈ గదినే తనకంటే పెద్ద శక్తిగా అనుకుంటానని చెప్పుకున్నారు. అమ్మను ఒకసారి బహిరంగ మీటింగ్‌కు తీసుకెళ్లాను. సభ్యులకు మాత్రమే పరిమితమైనవి, అందరూ రాగలిగినవి అని రెండు రకాలుంటాయి. వెళ్లి చూసొచ్చాక ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇది అందరికీ పనిచేస్తుందా అని అడిగితే చేయదనే చెప్పాలి. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, అందులోని 10,565 మంది వివరాలను కలిపి పరిశీలించింది. ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్స పొందినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవారు 42 శాతం, ఇతర చికిత్సలు పొందినవారిలో 35 శాతం అని తేలింది. తేడా ఉంది, కానీ సగానికి పైగా మంది రెండు వైపులా జారిపోయారు. అందుకే నేను డాక్టరు రాసిన మాత్రలు మానలేదు, నెలకోసారి డాక్టరు దగ్గరకు వెళ్లడమూ మానలేదు. గది ఉంది కదా అని మాత్రలు ఆపమని సలహా ఇచ్చేవారు ఎవరైనా ఎదురైతే వారి మాట వినకండి. ఇంతకంటే నన్ను కలవరపెట్టే అంకె వేరే ఉంది. ఎయిమ్స్ నిపుణులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, మద్యానికి బానిసైనవారిలో ఏదో ఒక చికిత్స అందినట్టు చెప్పినవారు 38 మందికి ఒక్కరు. మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 43.3 శాతం మంది తాగుతామని చెప్పారు. వారందరూ వ్యసనపరులు కారు. అయినా మన వీధుల్లో షాపులు ఎన్ని ఉన్నాయో, కూర్చుని మాట్లాడుకునే గదులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ 37 మంది ఎక్కడున్నారో అర్థమవుతుంది.

మన నేల మీద సారాకు వ్యతిరేకంగా ఎంత పెద్ద పోరాటం జరిగిందో తెలియనివారు ఉండరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ వంటి ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో దాన్ని సడలించారు. ఆ తల్లుల పట్ల నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేనిది. అయితే అప్పుడూ ఇప్పుడూ మన చర్చ అంతా దుకాణం మూయాలా తెరవాలా అన్న దాని చుట్టూనే తిరుగుతుంది. దుకాణం మూసిన రోజు రాత్రి చేతులు వణుకుతూ గోడ మీద చీమలు చూసే మనిషి ఎక్కడికి వెళ్లాలన్నది ఆ చర్చలోకి రాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, అందులో కలిపే మత్తుమందులకు అలవాటు పడిన జనం అది దొరక్క పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వరస కట్టారు. అప్పుడైనా ఆ ప్రశ్న గట్టిగా వేసుకోవాల్సింది.

ఇంటికి దగ్గరి గది అనగానే మొదట నాకు భయమేసింది. తెలిసినవాళ్లు చూస్తారని. ఆ భయంతోనే చాలామంది రెండు బస్సులు మారి ఊరవతలి మీటింగ్‌కు వెళతారు, వాన పడ్డ రోజు మానేస్తారు, ఆఫీసులో ఆలస్యమైన రోజు మానేస్తారు, ఒక నెలకు పూర్తిగా మానేస్తారు. రెండో నెలలో ఒక ఆదివారం నేను మెట్లెక్కుతుంటే, మా వీధిలో నేను పదేళ్లుగా చూస్తున్న ఒక పెద్దమనిషి దిగుతూ ఎదురయ్యారు. ఇద్దరం ఆగిపోయాం. ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఆయన ఇక్కడికి ఎందుకొచ్చారో నాకు తెలుసు, నేను ఎందుకొచ్చానో ఆయనకు తెలుసు. కాసేపటికి ఆయన "ఫ్యాన్ కింద కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది, వెళ్లండి. టీ పొడి తెచ్చి వస్తాను" అన్నారు. వీధిలో ఇప్పటికీ మేము ఎప్పటిలా తల ఊపి పలకరించుకుంటాం. ఆ గదిలో మిమ్మల్ని చూసేవారు ఎవరైనా మీలాగే మెట్లెక్కి వచ్చినవారే. దగ్గరి గదిని వదులుకోవద్దు.

మా ఆవిడ కూడా ఇప్పుడు ఒక మీటింగ్‌కు వెళుతుంది. తాగేవారి కుటుంబసభ్యుల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ అది. మొదట ఆమె ఒప్పుకోలేదు. తాగింది మీరైతే నేనెందుకు వెళ్లాలని అడిగింది, ఆ కోపం న్యాయమైనది. వెళ్లిన కొన్నాళ్లకు ఆమె చేసిన మొదటి పని, నేను రాత్రి ఆలస్యంగా వచ్చినప్పుడు నోరు వాసన చూడటం మానేయడం. నా తాగుడుకు తను కారణం కాదని, తను కాపలా కాసి ఆపగలిగేదీ కాదని అక్కడే తెలుసుకున్నానని చెప్పింది. పన్నెండేళ్లు ఆ భారం ఆమె ఒంటరిగా మోసిందని నాకు తెలియడానికి ఆమె దాన్ని దింపాల్సి వచ్చింది.

2022 దసరా రోజు పల్లెలో బావమరుదుల మధ్య తాగాను. అయిదు నెలల తర్వాత. పండగ, మటన్, ఒక్క పెగ్గుతో ఏమవుతుందన్న మాట, ఆపైన లెక్క లేదు. మర్నాడు హైదరాబాద్ వచ్చి, సాయంత్రం ఆ మెట్ల కింద చాలాసేపు నిలబడ్డాను. మెట్లెక్కి నా వంతులో "నిన్న తాగాను, ఈ రోజు తాగలేదు" అని చెప్పాను. ఎందుకు తాగావని ఎవరూ అడగలేదు. చివర్లో ఇరవై నాలుగు గంటలు పూర్తి చేసినవారికి ఇచ్చే బిళ్ల నా చేతిలో పెట్టి చప్పట్లు కొట్టారు. అయిదు నెలల బిళ్ల అందుకున్న రోజు కొట్టిన చప్పట్లకు ఏమాత్రం తగ్గకుండా కొట్టారు.

వెతికేవారికి నాకు తెలిసిన దారులు చెబుతాను. దగ్గరి ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ తీసుకుని, డాక్టరుతో పాటు అక్కడి సోషల్ వర్కర్‌ను అడగండి. ఏ గది నడుస్తోందో, ఏది ఆగిందో ప్రకటనల కంటే వారికి బాగా తెలుసు. మత్తు పదార్థాల నుంచి బయటపడటానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 14446. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలి-మానస్ నంబరు 14416, అందులో తెలుగులో మాట్లాడవచ్చు. ఏఏ చిరునామా దొరికితే, వెళ్లే ముందు ఫోన్ చేసి ఈ వారం జరుగుతోందా అని కనుక్కోండి. మొదటిసారి తీసుకెళ్లడానికి ఎవరైనా రాగలరా అని అడగడానికి మొహమాటపడకండి, ఎవరో ఒకరు వస్తారు. ఒక మీటింగ్ నచ్చకపోతే ఇంకోటి చూడండి. ఆరు సార్లు వెళ్లాక తేల్చుకోమని పెద్దాయన నాతో అన్నారు.

మా బృందంలో ఒక్కొక్కరం ఒక్కో పని చేస్తాం. కుర్చీలు వేయడం, టీ కాయడం, డబ్బా లెక్క చూడటం. నేను చిరునామాల పని అడిగి తీసుకున్నాను. మా వైపు మీటింగుల జాబితా పట్టుకుని, సెలవు రోజుల్లో ఒక్కొక్క చోటికీ స్వయంగా వెళ్లి, గది తెరిచి ఉందో లేదో చూసి, మారిన వాటిని పెన్సిల్‌తో దిద్ది అందజేస్తాను. మొదట వెళ్లింది గొలుసు వేసి ఉన్న ఆ పాఠశాల గేటు దగ్గరకే. అదే వాచ్‌మన్. మీటింగ్ ఎక్కడికి మారిందో చెప్పి, ఎవరైనా వస్తే ఇది చూపించమని కొత్త చిరునామా, సమయం, ఫోన్ నంబరు రాసిన కాగితం ఇచ్చాను. "నెలకొకరైనా వచ్చి అడుగుతూనే ఉంటారు సార్" అని, గేటు పక్క గోడకు అంటించమన్నారు. వానకు తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు వేసి, నాలుగు వైపులా టేపు అంటించాను. నెలకోసారి అటు వెళ్లి అది ఉందో లేదో చూసి వస్తున్నాను.